అన్ని పెట్టెలకూ ఒకటే అంకె

ఉదయగిరి వెళ్ళొచ్చానని చెబితే మా గోదావరి వాళ్ళు ముందుగా అడిగేది, "అదెక్కడండీ?" అని. నెల్లూరు జిల్లాలో పడమటి చివర, కొండమీద పాత కోట, కొండకింద చెక్క గరిటెలు చెక్కే ఊరు అని చెబుతాను. "అయితే గరిటెలు తేలేదా?" అంటారు. తెచ్చాను. నాలుగు గరిటెలు, ఒక ఫోర్కు. గరిటెలు మా ఆవిడ వాడుతుంది. ఫోర్కును మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వను. దాని పిడి గరుకుగా ఉంటుంది. ఎందుకలా దాచావని అడిగిన వాళ్ళకు ఇన్నాళ్ళూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఇక ఓపిక లేదు, రాసేస్తున్నాను.

అప్పట్లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఆసుపత్రుల్లో మందులు దాచే ఫ్రిజ్‌కు తగిలించే పెట్టె ఒకటి తయారుచేశాం. ఫ్రిజ్ వేడెక్కితే, కరెంటు పోయినా సరే, పెట్టె తన బ్యాటరీతో తనంతట తానే టెలిఫోన్ లైను మీద ఫోన్ చేసి, డ్యూటీలో ఉన్నవాళ్ళను లేపుతుంది. ఈ హెచ్చరికను ఆపాలంటే రెండు దారులు. పెట్టెకున్న తాళంచెవి తిప్పడం ఒకటి. బయటినుంచి ఆ ఆసుపత్రికి ఫోన్ చేయడం రెండోది. పది రింగులైనా మనిషి ఎత్తకపోతే పెట్టె ఎత్తుతుంది. అప్పుడు నాలుగంకెల రహస్య సంఖ్య నొక్కి, సున్నా నొక్కితే, మళ్ళీ తాళంచెవి తిప్పి పెట్టేదాకా హెచ్చరిక ఆగిపోతుంది. పదకొండు ఊళ్ళలో పెట్టాం. పదకొండింటికీ సంఖ్య ఒకటే: 1234. ఎవరిది వాళ్ళు మార్చుకోవాలని పెట్టెతో ఇచ్చే పుస్తకం ఆఖరి పేజీలో ఇంగ్లీషులో అచ్చువేశాం. నోటితో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చాలావాటిని బిగించింది నేనే, చెప్పనిదీ నేనే.

ఎనిమిది నెలల తర్వాత రెండు ఫిర్యాదులు వచ్చాయి. ఆత్మకూరు నుంచి ఒక కార్డు: "ఫోన్ చేసినా మా పెట్టె వినడం లేదు." ఉదయగిరి నుంచి వచ్చింది పెద్ద ఉత్తరం. పాముకాటు మందు పాడైపోయింది, మనిషి పోయాడు, పెట్టె హెచ్చరికను నర్సు ఆపేసిందని అనుమానం, మీ మనిషి వచ్చి శుక్రవారం కమిటీకి రిపోర్టు ఇవ్వాలి అని. మా ఎండీ ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టి, "పెట్టె బాగుందని రాసిచ్చి రా. దారిలో ఆత్మకూరు కూడా చూసెయ్" అన్నాడు. పెళ్ళికి వెళుతూ కూరగాయలు తెమ్మన్నట్టు చెప్పాడు.

కావలి నుంచి కొండాపురం

కావలిలో రైలు దిగి బస్సెక్కాను. మొదటిసారి కంపెనీ జీపులో వచ్చినప్పుడు నిద్రపోయాను కాబట్టి ఈ దారి చూడలేదు. చూసి మాత్రం ఏం లాభం? గంటసేపటికి పచ్చదనం పలచబడిపోయింది. ఎర్రమట్టి, తుమ్మచెట్లు, రాళ్ళు తీసి గట్టుమీద పోసిన మెట్టచేలు. మా వైపు కాలువ నీళ్ళు రెండు రోజులు ఆలస్యమైతే ఊరంతా ధర్నాకు కూర్చుంటాం. ఇక్కడ వానకోసం ఎదురుచూడటమే ఒక ఉద్యోగం.

కొండాపురంలో టైరు పంచరైంది. రూపాయి టీ తాగుతుంటే పక్కన కూర్చున్న రైతు నా ఒళ్ళో ఉన్న పనిముట్ల సంచీ చూసి మాట కలిపాడు.

"ఏందయ్యా అది? రేడియో బాగుచేస్తావా?"

పెట్టె సంగతి చెప్పాను. ఫోన్ చేస్తే వింటుందని గొప్పగా కూడా చెప్పాను. ఖర్మ, నాకు ఆ గొప్ప ఇంకా పోలేదు.

"ఎవురు చేసినా వింటాదా?"

"లేదండీ. రహస్యపు అంకె తెలిసినవాళ్ళు చేస్తేనే."

"ఆ అంకె ఎంతమందికి తెలుసు?"

నేను టీ గ్లాసు వంక చూశాను. ఆయన వదల్లేదు. "మా ఇంట్లో తాళంచెవి ఒకటే ఉండాది, అదీ మా ఆడమనిషి మొలలో ఉండాది. నీ పెట్టె తాళం అందరి మొలల్లోనూ ఉండాదేమో చూసుకో." అని నవ్వి, నాలుగు వేరుశనక్కాయలు చేతిలో పోసి వెళ్ళిపోయాడు. వేళాకోళమే అనుకున్నాను.

దుత్తలూరు

ఇక్కడ బస్సు పావుగంట ఆగింది. కారం దోసె తిన్నాను, రెండున్నర రూపాయలు. ఎర్రకారం, వెల్లుల్లి, పైన పప్పులపొడి. చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. "చట్నీ వేయండి" అంటే హోటలావిడ "కారం దోసెకు చట్నీ ఏందయ్యా, ఏ ఊరోడివి నువ్వు?" అని అందరిముందూ అడిగింది. ఇక్కడ మాట ముక్కుమీద గుద్దినట్టు ఉంటుంది, మా అండీలూ ఆయ్‌లూ లేవు. మళ్ళీ అదే మనిషి నా కళ్ళనీళ్ళు చూసి గ్లాసెడు మజ్జిగ ఊరికే ఇచ్చింది.

ఉదయగిరి

కొండ ఊరిమీద వంగి చూస్తున్నట్టే ఉంటుంది. పొద్దున పదిగంటలదాకా దాని నీడ ఆసుపత్రిమీద పడుతుంది. పది మంచాల ధర్మాసుపత్రి. ఇన్‌చార్జి నర్సు సుగుణమ్మ సిస్టరు, యాభై దాటిన మనిషి, ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉంది. సస్పెండ్ చేసి రెండు వారాలైనా ఇంకా తెల్లచీరే కట్టుకుని, వెనక క్వార్టరు వరండాలో కూర్చుంది. నన్ను చూడగానే లేచింది.

"వచ్చినావా అబ్బయా. నువ్వొస్తే తేలిపోతాదని రోజులు లెక్కబెట్టుకుంటా ఉన్నా."

ముందు పెట్టె చూశాను. దానికి ఏ జబ్బూ లేదు. అది అచ్చువేసే కాగితపు చుట్ట విప్పితే అంతా ఉంది. ఆ మనిషి పోవడానికి రెండు రోజుల ముందు, శనివారం మధ్యాహ్నం హెచ్చరిక ఆగింది. ఆ సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. ఫ్రిజ్ ఆదివారమంతా వేడెక్కింది. ఆదివారం సాయంత్రం కరెంటు వచ్చి మళ్ళీ చల్లబడింది. సోమవారం పొద్దున ఫ్రిజ్ తెరిచిన వాళ్ళకు అంతా సవ్యంగానే కనబడింది. ఆ రోజే కొండమీద పాము కరిచిన మనిషిని మోసుకొచ్చారు. మందు ఎక్కించారు. పట్టలేదు. నెల్లూరు తీసుకెళుతుంటే దారిలో పోయాడు.

"కరెంటు పోయిందని మీకు తెలుసు కదమ్మా?" అని సిస్టర్‌ని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"తెలుసు. ఇంతకు ముందయితే కరెంటు పోతే సోడా అంగడికి పోయి ఐసుగడ్డ తెచ్చి పెట్టేదాన్ని, ఇరవై ఏళ్ళు అట్టనే చేసినాను. నువ్వే గదా చెప్పినావు, ఇంక ఐసు పనిలేదు సిస్టర్, వేడెక్కితే పెట్టే ఫోన్ చేస్తాదని? ఫోన్ రాలా. రాలేదంటే చల్లగానే ఉండాదనుకున్నా. నిన్ను నమ్మినా అబ్బయా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మళ్ళీ కాగితం చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనబడింది ఒక గుర్తు. హెచ్చరిక ఆగింది తాళంచెవితో కాదు, ఫోన్‌ మీద. డ్యూటీ డాక్టరుకు చూపించాను. ఆయన కుర్రాడు, ఈమధ్యే వచ్చాడు. "పోస్టాఫీసు నుంచి ఆమే చేసి ఉండొచ్చు కదండీ. కమిటీవాళ్ళు అదే అంటారు" అన్నాడు.

సిస్టర్‌కు చెప్పాను. "ఫోన్‌లో గూడా ఆగుతాదా అది? నాకెవురు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. బిగించిన రోజు అప్పటి పాత డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పాను. నర్సుకెందుకులే అనుకున్నాను.

"శుక్రవారం తీసేస్తే నాకు జీతమూ లేదు, క్వార్టరూ లేదు," అంది సిస్టరు. "అదన్నా పోనీ. ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చునే వాళ్ళు లేచి వేరే బెంచీకి పోయినారు. నిద్రకోసం మనిషిని చంపినానంట. నేను ఆపలేదని ఒక్క ముక్క రాయి చాలు."

ఎవరు ఆపారో తెలియకుండా ఆమె ఆపలేదని ఎలా రాయను? చూస్తానమ్మా అన్నాను. ఆ మాట అన్నవాళ్ళు ఏమీ చూడరని ఆమెకూ తెలుసు.

మస్తాన్ అంగడి

సాయంత్రం బజారుకు వెళ్ళాను. చెక్క చెంచాలు, గరిటెలు, దువ్వెనలు, అట్లకాడలు. ఒక అంగడి అరుగుమీద మస్తాన్ అనే ఆయన ఉలితో చెంచా గుంట తొలుస్తున్నాడు. చెంచా ఐదు రూపాయలు, గరిటె పన్నెండు. కొండమీద దొరికే నర్ది కర్ర అయితే నీళ్ళలో నానినా పగలదట. గరిటెలు నాలుగు తీసుకుని, చూరులో గుచ్చి ఉన్న ఫోర్కు ఒకటి అందుకోబోయాను.

"అది వద్దు సార్. అమ్మేది కాదు. మా తమ్ముడు సుభాన్ చెక్కినాడు, పిడి నునుపు చేయలా. కర్రకోసం ఆ సోమవారం కొండెక్కినోడు మళ్ళా ఇంటికి రాలా."

నా చెయ్యి అక్కడే ఆగింది. ఆయన పని ఆపకుండా మాట్లాడాడు. "పాము ఎవురినైనా కరుస్తాది సార్, దానిమీద నాకు కోపం లా. ఆ నర్సమ్మ నిద్ర చెడిపోతాదని పెట్టె గొంతు నొక్కేసిందంట. మా సుభాన్‌కి సున్తీ అయినప్పుడు కట్టుకట్టింది గూడా ఆమే. ఆ చేతులతోనే..." మీరేం పనిమీద వచ్చారని అడిగితే ఫోన్ల పని అన్నాను. అబద్ధం కాదు. అబద్ధం కాని మాటలతో ఎంత దూరమైనా పోవచ్చని ఆ ఊళ్ళోనే నేర్చుకున్నాను.

ఆత్మకూరు

మర్నాడు పొద్దున బయల్దేరుతుంటే సిస్టరు స్టీలు డబ్బాలో పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ పెట్టి తెచ్చిచ్చింది. "హోటళ్ళలో తిని కడుపు చెడగొట్టుకోబాక. డబ్బా మాత్రం మళ్ళా పంపించు." మూతమీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంది. నేను చూస్తుంటే, "చర్చి విందుల్లో అందరి డబ్బాలూ ఒకే మాదిరి ఉంటాయి గదా, మారిపోకుండా" అంది.

ఆత్మకూరు ఉదయగిరికంటే సందడైన ఊరు. బస్టాండు చుట్టూ పండ్ల బండ్లు, ఎరువుల కొట్లు, వరసగా టెలిఫోన్ బూతులు. అక్కడి ఆసుపత్రి కాంపౌండరు పెంచలయ్య నాకు ఎదురొచ్చి, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు చేతులు పట్టుకున్నాడు.

"రాండి సార్, మీరు రాసిచ్చిన కాయితం ఎట్ట పెట్టుకున్నామో చూద్దురు!"

ఫ్రిజ్ పైన గోడకు అద్దాల ఫ్రేము. అందులో, పెట్టె బిగించిన రోజు నేను సిగరెట్ పెట్టె అట్టమీద గబగబా రాసిచ్చిన పద్ధతి. నాలుగు మూలలా పసుపు, కుంకుమ. ఆయుధపూజకు స్టెతస్కోపుతో పాటు దానికీ బొట్టు పెట్టారట. నాకు నవ్వొచ్చింది.

"మరి ఫోన్ చేస్తే వినలేదని రాశారేం?"

"అదే గదా సార్. శనివారం శనివారం ఫ్రిజ్ కడుగుతాం. తలుపు తీస్తే ఈ మహాతల్లి ఫోన్లు మొదలుపెడతాది, డాక్టరుగారు తిడతారు. అందుకని తాళం తిప్పి ఆపేది. ఆ గాలివాన వచ్చిన శనివారం తాళంచెవి కనపడలా. సరే, సారు రాసిచ్చినాడు గదా అని ఫ్రేము ఎత్తుకుని బస్టాండు బూతుకు పోయినా. మీరు రాసినట్టే, ఒక్క అంకె మార్చకుండా నొక్కినా. ఎత్తింది సార్! 1234 నొక్కితే కూ అన్నది. సున్నా నొక్కితే మళ్ళా కూ అన్నది. సంతోషంగా వచ్చి తలుపు తీస్తే డాక్టరుగారికి ఫోన్ పొయ్యింది!" ఆయన నవ్వాడు. "ఇంకోటి సార్, బూతాయన ఎస్టీడీ రేటు తీసుకున్నాడు. మన ఊరికి మనం చేసుకుంటే ఎస్టీడీ ఏందయ్యా అన్నా. నెంబరు అట్ట ఉండాది మరి అన్నాడు. సారు రాసినాడంటే ఏదో ఉండాదిలే అనుకున్నా."

నేను ఫ్రేము దగ్గరికి వెళ్ళాను. నా చేతిరాతే. మొదటి వరసలో ఎస్టీడీ కోడు, పక్కన నెంబరు. ఉదయగిరి నెంబరు.

ఆత్మకూరుకు ముందురోజు బిగించింది ఉదయగిరిలో. ఆ నెంబరే నా నోట్లో ఆడుతూ ఉండింది. ఉదాహరణకని అది వేసి, మీది వేసుకోండని ఆత్మకూరులో అప్పుడున్న డాక్టరుతో నోటితో చెప్పాను. ఆయన బదిలీమీద వెళ్ళిపోయాడు. కాగితానికి బొట్టుపెట్టి దేవుణ్ణి చేశాక దానిమీది అంకె ఎవరు మారుస్తారు? శనివారం మధ్యాహ్నం ఉదయగిరి ఆఫీసు మూసి ఉంటుంది కాబట్టి ఫోను మనిషి ఎత్తలేదు, పెట్టె ఎత్తింది. పెంచలయ్య 1234 అన్నాడు. దానికి తెలిసింది ఆ ఒక్క అంకే, చిత్తమని నోరు మూసుకుంది. రెండు ఊళ్ళ అంకెలూ వేరై ఉంటే ఆ ఫోను వృథా అయ్యేది, అంతే.

"ఏమైంది సార్? నేనేమన్నా తప్పు చేసినానా?"

"లేదు పెంచలయ్యగారూ. తప్పు కాగితంలో ఉంది," అన్నాను. ఆ తప్పుకు ఉదయగిరిలో ఏమైందో చెప్పడానికి నోరు రాలేదు. ఆయన పెట్టెకు కొత్త అంకె పెట్టించి, ఫ్రేము అడిగి తీసుకున్నాను. ఇష్టం లేకుండానే ఇచ్చాడు.

సంగం దాకా

పెంచలయ్య వెళ్ళిన బూతు నుంచే ఎండీకి ఫోన్ చేశాను. అంతా విని, "పెట్టె పనిచేస్తోందా లేదా?" అన్నాడు.

"చేస్తోంది సార్, కానీ..."

"అదే రాయి. వాడకం వాళ్ళ బాధ్యత అని పుస్తకంలో ఉంది. ఆ ఫ్రేము పట్టుకొచ్చెయ్. ఇంకో నలభై పెట్టెల ఆర్డరు రాబోతోంది. వచ్చే ఏడు అన్నింటినీ ఇంటర్నెట్‌కి కలిపేస్తాం, ప్రపంచంలో ఎక్కడినుంచైనా చూడొచ్చు. అంకెల సంగతి అప్పుడు చూద్దాం."

"సార్, టెలిఫోన్ నెంబరు తెలిసిన ఒక్క పెంచలయ్యతోనే ఇంత జరిగింది. ప్రపంచమంతా వస్తే?"

"ఉద్యోగం కావాలా, వద్దా?" అని పెట్టేశాడు.

కావాలి. అప్పటికి మా పాపకు ఏడాది. సిగ్గువిడిచి చెబుతున్నాను, ఫ్రేము సంచీలో కుక్కి నెల్లూరు బస్సెక్కాను. పెట్టె సవ్యంగా ఉందని నెల్లూరు నుంచి టెలిగ్రాం ఇచ్చి, రాత్రి రైలు పట్టుకోవాలని లెక్క.

సంగంలో బస్సు ఆగింది. ఆకలేసి సిస్టర్ ఇచ్చిన డబ్బా తీశాను. మూత తీస్తే పులిసిన వాసన. ఎండకు అన్నం చెడిపోయింది. పారబోయడానికి దిగి, కుళాయి దగ్గర డబ్బా కడుగుతుంటే మూతమీద పేరు వేలికి తగిలింది. పి. సుగుణమ్మ, ఉదయగిరి. పెరుగన్నం డబ్బా పక్కవాళ్ళదాంతో మారిపోకూడదని ఈమె కూర్చుని పేరు కొట్టించుకుంది. ఇంజనీరింగు చదివిన నేను ప్రాణం నిలబెట్టే మందుకు కాపలా పెట్టి, పదకొండింటికీ ఒకటే పేరు పెట్టాను. ఛీ అనిపించింది, నా మీద నాకే.

బస్సు హారను కొట్టింది. నేను ఎక్కలేదు. కండక్టరు నా సంచీ కిందికి విసిరి ఏదో తిట్టాడు.

మళ్ళీ ఉదయగిరి

శుక్రవారం కమిటీలో ముగ్గురు పెద్దలు. బల్లమీద ఫ్రేము పెట్టి, ఈ చేతిరాత నాది అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. రాసి సంతకం కూడా పెట్టాను. అధ్యక్షుడు కుంకుమ అంటిన ఆ ఫ్రేమును దగ్గరికి లాక్కుని చదివాడు.

"అంటే ఇన్నాళ్ళూ మా పెట్టె నోరు ఎవురైనా ముయ్యచ్చు, తెరవచ్చు. ఆ సంగతి నీకు తెలుసు, మాకు తెలీదు. అంతేనా?"

"అంతేనండీ."

"సిస్టర్‌ని పిలవండి," అన్నాడు.

ఆమెను మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారు. క్షమాపణ ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఎదురుచూడలేదు. నేను పెట్టె తెరిచి, "మీకు నచ్చిన నాలుగంకెలు నొక్కండమ్మా. నాక్కూడా చెప్పకండి," అన్నాను. "అట్ట తిరుగు," అంది. గోడవైపు తిరిగి నిలబడ్డాను. నాలుగు కూతలు వినబడ్డాయి. ఖాళీ డబ్బా చేతికిస్తే, "అన్నం తిన్నావా?" అంది. తిన్నానని చెప్పాను. అదొక్కటే ఆమెతో ఆడిన అబద్ధం. "కరెంటు పోతే ఐసు మాత్రం నేను పెట్టుకుంటా. ఇంక నువ్వేం చెప్పినా వినను," అని ఫ్రిజ్ తుడవడం మొదలుపెట్టింది.

ఆ ఉద్యోగం వారం తర్వాత పోయింది. పోయేలోపు మిగతా తొమ్మిది ఊళ్ళకూ తెలుగులో ఉత్తరాలు రాశాను. నాలుగు ఊళ్ళ నుంచి జవాబొచ్చింది. మిగిలిన ఐదు పెట్టెలూ ఏ అంకెకు లేచి నిలబడుతున్నాయో నాకు తెలియదు.

ఆ శుక్రవారం బస్సుకు ఇంకా టైముంది. మస్తాన్ అంగడికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండొచ్చు, నన్నెవరూ పిలవలేదు. అరుగుమీద కూర్చుని, నేనెవరో, ఏం జరిగిందో, నర్సమ్మ తప్పేమీ లేదని, పెంచలయ్యదీ కాదని చెప్పాను. ఆయన ఉలి ఆపి విన్నాడు. అరుస్తాడనుకున్నాను, కొడితే పడదామనుకున్నాను.

ఆయన ఒకటే అడిగాడు.

"ఆ అంకె మార్చేదానికి ఎంతసేపు పడతాది సార్?"

"రెండు నిమిషాలు," అన్నాను.

ఆయన లేచి చూరులోంచి ఆ ఫోర్కు తీశాడు. గరుకు పిడిని బొటనవేలితో ఒకసారి రుద్దాడు. పేపరు ముక్కలో చుట్టి నా ఒళ్ళో పెట్టాడు. డబ్బులు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉప్పుకాయితంతో దీని పిడి రుద్దేది గూడా అంతే సార్, రెండు నిమిషాల పని. కొండ దిగొచ్చి చేస్తానన్నాడు మావాడు."